బొమ్మ ముఖానికి ఏ రంగు గుడ్డ?

సెలవులిచ్చిన రెండు రోజులూ పిల్లలు హాయిగా ఆడుకుంటారు. మూడోరోజు నుంచి "అమ్మా, ఏమీ తోచడం లేదే" అంటూ కొంగు పట్టుకుని తిరగడం మొదలుపెడతారు. అటువంటప్పుడు వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని గుడ్డబొమ్మ కుట్టడం మొదలుపెట్టి చూడండి. రెండు మూడు మధ్యాహ్నాలు యిట్టే గడిచిపోతాయి. బొమ్మ మాత్రం కొన్ని సంవత్సరాలు వుంటుంది.

గుడ్డబొమ్మ నిన్న మొన్న పుట్టినది కాదు. లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు నుంచి తెచ్చిన గుడ్డబొమ్మ ఒకటి వున్నది. ఈజిప్టు రోమనుల పాలనలో వున్న రోజులలో, క్రీస్తుశకం 1వ శతాబ్దానికీ 5వ శతాబ్దానికీ మధ్య, ఎవరో దాన్ని నారబట్టతో కుట్టి, లోపల గుడ్డపీలికలూ పపైరస్ ముక్కలూ కూరారు. మన అమ్మమ్మలు పాతచీరె ముక్క చుట్టి, కాటుకతో కళ్ళు దిద్ది, బొమ్మలపెళ్ళికి పెళ్ళికూతుర్ని సిద్ధం చేసినదీ యించుమించు అలాగే గదా!

బొమ్మ కుట్టాలనుకోగానే ముందు ఎదురయ్యే ప్రశ్న గుడ్డ. చాలామంది ఆలోచించకుండా తెల్ల మల్లుగుడ్డగాని, లేత గులాబిరంగు పాప్లిన్‌గాని తీసి కత్తెర పెడతారు. అంగడిలో దొరికే బొమ్మలు ఎక్కువగా అలాగే వుంటాయి గనుక, బొమ్మంటే అలాగే వుండాలని మనకి అలవాటైపోయింది. పాలవంటి ముఖం, నీలికళ్ళు, బంగారురంగు జుట్టు! మన యిళ్ళలో నీలికళ్ళు ఎంతమందికి వున్నవి? చామనచాయ పిల్ల ఆ బొమ్మని ఒళ్ళో పెట్టుకుని తల దువ్వుతూ, అందమంటే యిదీ అని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటుంది.

యిది చిన్న విషయమని కొట్టిపారెయ్యకండి. అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు వుండేవారు. యిద్దరూ మనస్తత్వ శాస్త్రజ్ఞులు. 1940ల్లో వీరు మూడు నుంచి ఏడేళ్ళ వయస్సున్న 253 మంది నల్లజాతి పిల్లల ముందు బొమ్మలు పెట్టారు. అన్నీ ఒకే అచ్చువి. ఒంటిరంగూ జుట్టురంగూ మాత్రమే వేరు. "వీటిలో మంచి బొమ్మ ఏదో యివ్వు" అంటే ఎక్కువమంది తెల్లబొమ్మని తీసి యిచ్చారు. "చెడ్డగా కనిపించే బొమ్మ ఏది?" అంటే గోధుమరంగు బొమ్మని చూపించారు. చివరికి "నీలాగా వుండే బొమ్మ ఏది?" అని అడిగారు. అప్పటిదాకా నవ్వుతూ ఆడుకున్న పిల్లల్లో కొందరు ఆ ప్రశ్నకి ఏడ్చారు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడులలో నల్లవారినీ తెల్లవారినీ వేరుచెయ్యడం చెల్లదని తీర్పు చెప్పినప్పుడు, ఆ తీర్పులో ఉదహరించిన రచనల్లో కెన్నెత్ క్లార్క్ రచన కూడా వున్నది.

"అది వాళ్ళ దేశపు గొడవ, మనకెందుకు?" అనవచ్చు. కాని, మన యిళ్ళలో మాటలు ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. పురిటిబిడ్డని చూడవచ్చిన వాళ్ళు ఆడా మగా అని అడిగిన తరువాత, రంగెలా వుందని అడగడం మనం ఎరుగుదుము. అక్క ఎరుపు, చెల్లెలు నలుపు అని పిల్లల ఎదుటే అంటూంటాము. ముద్దు చేస్తున్నామనుకుంటూనే "కాకిపిల్ల కాకికి ముద్దు" అంటాము. పిల్లలు వినడం లేదనుకోవడం మన వెర్రి.

1959లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన బార్బీ బొమ్మల్లో, నల్లజాతి అమ్మాయిని బార్బీ అనే పేరుతోనే చెయ్యడానికి ఆ కంపెనీకి 1980 దాకా పట్టింది. మనకి యిరవయ్యేళ్ళు అక్కరలేదు. అరమీటరు గుడ్డ చాలు.

జాకెట్టుగుడ్డలు అమ్మే మ్యాచింగ్ సెంటరుకి పిల్లని కూడా తీసుకువెళ్ళండి. అక్కడ లేత గోధుమరంగు మొదలు కాఫీగింజ రంగు దాకా వరసగా తానులు పేర్చి వుంటాయి. పిల్ల మోచేయి కింద గుడ్డ పరిచి, దీపాల వెలుతురులో కాక గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూడండి. దగ్గరగా నప్పిన రంగు తీసుకోండి. పల్చనిగుడ్డ వద్దు, కుట్టు దగ్గర విచ్చిపోతుంది. యింట్లో తెల్ల నూలుగుడ్డ వుంటే టీ డికాక్షనులో కూడా రంగు వెయ్యవచ్చును. చిక్కటి డికాక్షను వడకట్టి, ముందుగా తడిపిపిండిన గుడ్డని అందులో అరగంట వుంచి నీడని ఆరబెట్టాలి. ఆరిన తరువాత రంగు కాస్త తగ్గుతుంది గనుక, తడిమీద కొంచెం ముదురుగానే వుండాలి. ఉతికిన కొద్దీ వెలిసే రంగు యిది. ముదురురంగు కావాలంటే మాత్రం గుడ్డ కొనుక్కోవడమే మేలు. ఏ గుడ్డయినా కత్తిరించే ముందు ఒకసారి ఉతికి ఆరవేసి యిస్త్రీ చెయ్యండి. లేకపోతే బొమ్మ మొదటి స్నానంతోనే ముడుచుకుపోతుంది.

ఇక కొలతలు. 15 అంగుళాల బొమ్మకి తల 4 అంగుళాలు, మెడ అర అంగుళం, ఒళ్ళు 5 అంగుళాలు, కాళ్ళు 5½ అంగుళాలు. చేతులు 5 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు. కాళ్ళ వెడల్పు 2½ అంగుళాలు. పాత వార్తాపత్రికని నిలువుగా మడిచి తలా, మెడా, ఒళ్ళూ ఒకే ముక్కగా సగం గీసి కత్తిరిస్తే, విప్పినప్పుడు రెండు పక్కలా సమానంగా వస్తుంది. మెడ 2 అంగుళాలకి తగ్గనివ్వకండి. సన్నటి మెడ చూడటానికి ముద్దుగానే వుంటుంది కాని, తల నిలవదు.

గుడ్డని రెండు మడతలు చేసి, మంచివైపులు లోపలికి వుండేలా పెట్టి, కాగితం చుట్టూ పెన్సిలుతో గీయండి. గీతకి బయట పావు అంగుళం వదిలి కత్తిరించండి. ముఖం దిద్దుకోవలసినది కుట్టకముందే, గుడ్డ చదునుగా వున్నప్పుడే. కళ్ళు ముఖానికి సరిగ్గా సగంలోగాని, కాస్త కిందుగా గాని వుంటే పసిపిల్ల ముఖం వస్తుంది. పైకి పోతే పెద్దమనిషి ముఖం వస్తుంది. నల్లదారంతో దగ్గర దగ్గరగా కుట్టి కళ్ళు నింపండి. గుండీలూ పూసలూ కళ్ళుగా పెట్టకండి. మూడేళ్ళ లోపు పిల్లలు వాటిని పీకి నోట్లో వేసుకుంటే గొంతుకి అడ్డంపడి ప్రాణాపాయం.

తరువాత గీతమీదనే కుట్టాలి. చేతికుట్టయితే ప్రతి రెండు కుట్లకీ ఒకటి వెనక్కి వేసుకుంటూ సన్నగా కుట్టండి. ఒంటికి అడుగుభాగం, కాళ్ళకీ చేతులకీ పైభాగం కుట్టకుండా వదలాలి. మెడ వంపు దగ్గర అంచుని దారం తెగకుండా అక్కడక్కడ కత్తెరతో నాటు పెడితే, తిప్పినప్పుడు ముడతలు పడదు. పెన్సిలు మొద్దువైపుతో తోస్తూ మంచివైపు పైకి తిప్పండి.

కూరడానికి బూరుగుదూది తేలికగా వుంటుంది కాని, గది అంతా ఎగురుతుంది. మామూలు దూది తడిస్తే ఉండలు కట్టి త్వరగా ఆరదు. తలగడలలో పెట్టే పాలియెస్టర్ దూది అయితే ఉతికినా తొందరగా ఆరుతుంది. ఏదైనా సరే, చిటికెడు చిటికెడు చొప్పున ముందు తలలోకి, తరువాత మెడలోకి బాగా బిగించి కూరండి. మెడ నిలవడానికి లోపల పుల్ల పెట్టకండి. ఒకనాటికి అది పొడుచుకుని బయటికి వస్తుంది. కాళ్ళూ చేతులూ పైన ఒక అంగుళం ఖాళీగా వదిలితే బొమ్మ చక్కగా కూర్చుంటుంది. ఒంటి అడుగున అంచులు లోపలికి మడిచి, కాళ్ళు మధ్యలో పెట్టి కలిపి కుట్టండి. చేతులు భుజాలకి గట్టిగా కుట్టండి. జుట్టుకి నల్ల ఉన్నిపోగులు ఒకే పొడవున కత్తిరించి, నడినెత్తి మీద పాపిడిలాగా కుట్టుకుంటూ వస్తే రెండు జడలు వేసుకోవచ్చును.

బట్టలు మాత్రం పిల్లకి పొట్టి అయిపోయిన పరికిణీలోంచే కుట్టండి. ఆ గుడ్డని పిల్ల ఎరుగును. కొత్తగుడ్డకి లేని చనువు దానికి వుంటుంది. సూదిలో దారం ఎక్కించడం, అంచు మడవడం పిల్లచేతనే చేయించండి. మగపిల్లవాడికి కూడా యీ పని నేర్పవచ్చును. చొక్కా గుండీ వూడితే రేపు ఎవరికోసమో చూడనక్కరలేకుండా వుంటుంది. కుట్టు వూడినప్పుడు బొమ్మని పారేయకుండా కూర్చుని బాగుచెయ్యడం, చేతితో చేసిన బొమ్మ నేర్పే రెండవ పాఠం.

బొమ్మ పూర్తి అయ్యాక పిల్ల "యిదేమిటి, నల్లగా వుంది?" అని అడిగినా అడగవచ్చు. ఉపన్యాసం చెప్పకండి. "నీ రంగూ, నా రంగూ, నాయనమ్మ రంగూ యిదే గదా" అనండి, చాలు. తెల్లబొమ్మే కావాలని పట్టుబడితే అదీ కుట్టి యివ్వండి, యిద్దరూ అక్కచెల్లెళ్ళవుతారు. ఏ బొమ్మని ముందు పొగుడుతున్నారో, ఏ బొమ్మని కొలువులో ముందుమెట్టు మీద పెడుతున్నారో మీరు చూసుకోండి. చామనచాయ బొమ్మని చేతికిచ్చి, సాయంత్రం పక్కింటావిడతో "మా రెండోది రంగు తక్కువండీ" అంటే మూడు మధ్యాహ్నాల శ్రమా వృథా. బొమ్మని ఎంత బాగా కుట్టినా, మనం అనే మాటని అది పూడ్చలేదు.