చెడినదేదో తెలియక మునుపే

తాటిచెట్టు మీద కాకి వాలిన క్షణముననే పండు రాలితే, కాకి బరువుకే రాలినదని లోకము చెప్పుకొంటుంది. కాకతాళీయమనే మాటను మన పెద్దలు ఊరకే కల్పించలేదు. పాత కంప్యూటరుకు కొత్త భాగమొకటి అమర్చిన నాడే అది మూగవోతే, ఆ కొత్త భాగమే దానిని చంపినదని తీర్పు చెప్పడానికి మనలో ఎవరమూ ఒక్క నిమిషమైనా ఆగము. మేమూ ఆగలేదు. అందుచేత మూడు వందల పుటల వ్రాత తుడిచిపెట్టుకొని పోవలసినది, వెంట్రుకవాసిలో తప్పిపోయినది. ఆ సంగతి మా పత్రిక పాఠకులకు నివేదించి, దాని మీద మా అభిప్రాయము చెప్పుకోవడానికే ఈ వ్యాసము.

మేము ముగ్గురము. ఒకరిది జనగామ, ఒకరిది మహబూబాబాదు, ఒకరిది భూపాలపల్లి. 2016 అక్టోబరు దాకా మూడూ వరంగల్లు జిల్లాలోని ఊళ్లే. ఇప్పుడు మూడు జిల్లాల కేంద్రాలు. జనగామ మిత్రుని ఇంట 2013లో కొన్న కంప్యూటరు ఒకటి ఉన్నది. అక్క ఉపకారవేతనపు దరఖాస్తులు, చుట్టుపక్కల పిల్లల హాల్ టిక్కెట్లు అన్నీ దాని మీదనే. అంతకన్న ముఖ్యముగా, ఉర్దూ ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న దాదా తమ జ్ఞాపకాలను దానిలోనే ఇన్‌పేజ్‌లో టైపు చేసుకొంటూ వచ్చినారు. మనుమలలో ఉర్దూ చదువలేని వారి కోసము అందులో కొంత భాగాన్ని అను అక్షరాలతో తెలుగులోనూ వ్రాసి పెట్టినారు. యంత్రము నెమ్మదించినదని, నాలుగు జీబీల ర్యామ్‌కు తోడుగా మరి నాలుగు జీబీలు కొని తెచ్చి, గత వేసవి సెలవులలో మేమే అమర్చినాము.

స్విచ్ వేసినాము. ఫ్యాను తిరిగినది. తెర నల్లగానే ఉన్నది. లోపలి నుండి ఆగి ఆగి కూత వినబడినది. ఆ కూత ఏమి చెబుతున్నదో వినే ఓపిక మాకు లేకపోయినది. నిజానికి అది యంత్రము తన బాధ చెప్పుకొనే భాష. ఎన్ని కూతలకు ఏమి అర్థమన్నది బోర్డు చేసిన కంపెనీని బట్టి మారుతుంది గాని, ర్యామ్ అందకపోతే కూయడము చాలా బోర్డులకు అలవాటు. మేము కంగారుపడి, పెట్టెను ఆటోలో వేసుకొని దుకాణానికి పోయినాము. అక్కడి మెకానిక్ ర్యామ్‌ను తీసి, అంచును పెన్సిలు రబ్బరుతో తుడిచి, రెండు వైపుల కొక్కేలూ టక్కుమనే దాకా నొక్కి పెట్టినాడు. కూత ఆగినది. తెర వెలిగినది. మా సంతోషము అర నిమిషమే నిలిచినది. విండోస్ మొదలవుతూనే నీలితెర వచ్చి, ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని వ్రాసి చూపి, మళ్లీ మొదటికి వచ్చినది. రెండు మూడు మారులు చూసి, "డిస్కు పోయింది భాయ్. కొత్తది వేసుకోండి, లేకుంటే ఫార్మాట్ కొట్టి చూద్దాం" అన్నాడతడు.

ఈ ఫార్మాట్ అనే మాటను గురించే మా ఫిర్యాదు. మన ఊళ్లలో కంప్యూటరుకు ఏ జబ్బు వచ్చినా చెప్పే మందు ఇదొక్కటే. జ్వరమో, అజీర్ణమో, కాలు బెణికినదో తెలుసుకోకుండా రోగి జ్ఞాపకశక్తినంతా తీసివేస్తానన్న వైద్యుని మనము గడప తొక్కనిస్తామా? ఫార్మాట్ చేసిన పిదప యంత్రము నిజముగానే నడుస్తుంది. అందుకే ఆ మందుకు అంత పేరు. పోయినదేమిటో తెలిసేది ఆ తరువాతనే.

ఉర్దూ, తెలుగు వ్రాసుకొనే మన వంటి ఇండ్లలో పోయేది మరింత ఎక్కువ. ఒకప్పుడు ఉర్దూ పుటలన్నీ కాతిబుల చేతివ్రాతతోనే అచ్చుకు పోయేవి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తలీఖ్‌ను రూపొందించిన తరువాతనే ఆ లిపి సొగసు యంత్రానికి పట్టుబడినది. 1994లో ఢిల్లీలోని కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఇన్‌పేజ్‌ను తేగా, ఆ సొగసు బల్ల మీది కంప్యూటరు దాకా వచ్చినది. అయితే ఆనాటి ఇన్‌పేజ్ ఫైళ్లను ఆ ప్రోగ్రాము లేనిచోట తెరిస్తే ఉర్దూ కనబడదు. అను అక్షరాలతో వ్రాసిన తెలుగు సంగతీ అంతే. ఆ ఫాంటు లేని యంత్రములో ఇంగ్లీషు అక్షరాల కలగూరగంప అవుతుంది. కనుక ఫైళ్లను ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకొని ఫార్మాట్ చేయించుకొన్నా చాలదు. వాటిని చదివే ప్రోగ్రామూ, ఫాంట్లూ కూడ దాచుకోవలసి ఉంటుంది. ఇట్టి వ్రాతలను యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకొన్నవారు ఎందరు? మా పత్రిక పాత సంచికల ఫైళ్ల మాటేమిటని సంపాదకవర్గాన్ని ఈ సందర్భములో అడిగితే తప్పుగా భావించరని తలుస్తాము.

దాదా ఒప్పుకోలేదు. "నేను బతికి ఉండగా అందులోని అక్షరం పోకూడదు" అన్నారు. పెట్టెను ఇంటికి తెచ్చుకొన్నాము. డిస్కును విప్పి, తువాలలో చుట్టి, మర్నాడు జనగామలో రైలెక్కి కాజీపేట మీదుగా మహబూబాబాదు చేరినాము. అక్కడి మిత్రుని ఇంట, డిస్కును యు.ఎస్.బి.కి కలిపే తీగ ఒకటి ఉన్నది. తగిలించగానే ఫోల్డర్లన్నీ కళ్లముందు నిలిచినవి. పోయినదన్న డిస్కు నిక్షేపముగా ఉన్నది! ముందుగా దాదా వ్రాతలను రెండు చోట్ల నకలు తీసినాము. ఈ పని మొదటి రోజుననే చేసి ఉండవలసినది. అసలు పెట్టె మూత విప్పడానికి ముందే చేసి ఉండవలసినది.

ర్యామ్ మంచిది, డిస్కు మంచిది. మరి జబ్బు దేనికి? ఇక్కడ మాకు దారి చూపినది కంప్యూటరు చదువు చదివినవారు కారు. భూపాలపల్లి మిత్రుని తండ్రి సింగరేణి గనిలో ఎలక్ట్రీషియన్. ఫోనులో మా గోడు విని ఆయన రెండే మాటలు చెప్పినారు. ఒకసారికి ఒకటే మార్చండి, రెండు మార్చకండి. తెర మీద ఉన్న ప్రతి అక్షరమూ నాకు చదివి వినిపించండి. డిస్కును తిరిగి బిగించి, బయోస్ తెర తెరిచి, మేము చదవడము మొదలుపెట్టినాము. ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎనిమిది జీబీలు, డిస్కు పేరు, తేదీ 2012 జనవరి 1. "ఆగండి, ఏ సంవత్సరం?" అన్నారాయన. అంతకు మునుపు ఆ తెరను మేము పదిసార్లైనా చూసి ఉంటాము. తేదీని ఒక్కరమూ చూడలేదు.

మదర్‌బోర్డు మీద నాణెమంత సెల్ ఒకటి ఉంటుంది. దాని పేరు సి.ఆర్. 2032; ఇరువది మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందము గనుక ఆ అంకె. విద్యుత్తు లేని వేళ గడియారాన్ని నడిపేదీ, ఇట్టి పాత బోర్డులలో అమరికలను గుర్తుంచుకొనేదీ ఆ మూడు వోల్టుల సెల్లే. మా మిత్రుని ఇంట అది ఎన్నడో చచ్చిపోయి ఉన్నది. కాని గోడ స్విచ్ తీసే అలవాటు ఆ ఇంట లేదు. ఇన్వర్టరు ఉన్నందున కరెంటు కోత బాధా లేదు. కంప్యూటరు ఆపి ఉన్నా ప్లగ్గు ద్వారా బోర్డుకు కొద్దిపాటి విద్యుత్తు అందుతూనే ఉంటుంది గనుక, చచ్చిన సెల్ సంగతి బయటపడలేదు. ర్యామ్ పెట్టడానికి మేము ప్లగ్గు పీకినాము. బోర్డు తన అమరికలన్నీ మరచిపోయినది. డిస్కుతో మాటలాడడానికి ఐ.డి.ఇ. అనే పాత పద్ధతి, ఎ.హెచ్.సి.ఐ. అనే కొత్త పద్ధతి ఉన్నవి. విండోస్‌ను రెండవ పద్ధతిలో ఎక్కించి ఉన్నారు. మతిపోయిన బోర్డు పుట్టుక నాటి మొదటి పద్ధతికి పోయి కూర్చున్నది. అందుకే తన ఇంటి తలుపు తనకే తెరుచుకోక విండోస్ నీలితెర చూపినది. కొత్త సెల్ వేసి, తేదీ సరిచేసి, ఆ ఒక్క అమరికను మార్చగానే యంత్రము లేచినది. తేదీ సరిచేయకుండా వదిలి ఉంటే మరొక చిక్కు వచ్చేది: గడియారము పదేండ్లు వెనుకబడి ఉంటే బ్రౌజరు సురక్షితమైన వెబ్‌సైట్లను నమ్మదు, ఉపకారవేతనపు పుట తెరుచుకోదు. అప్పుడు నెపము ప్రభుత్వము మీద వేసి ఉండేవారము.

దుకాణదారుని తిట్టడానికి ఇది వ్రాయలేదు. అతని పక్షాన్నీ చూడవలె. రోగమేమిటో కనుగొనడానికి రెండు గంటలు కూర్చుంటే మనము ఏమి ఇస్తాము? "ఒక సెల్లేగా వేసినావు" అని ఆ సెల్ వెల చేతిలో పెట్టి వస్తాము. కొత్త డిస్కు అమ్మితే నాలుగు రూపాయలు మిగులుతాయి. ఫార్మాట్‌కు అందరికీ తెలిసిన రేటు ఉన్నది. ఆలోచనకు రేటు లేదు. వైద్యునికి చూసినందుకే రుసుము ఇచ్చే మనము మెకానిక్‌కు మాత్రము మార్చినదానికే ఇస్తాము. అతడు మార్చుతూనే ఉంటాడు మరి.

ఈ సంగతి ఇప్పుడు మరింత అవసరమైనది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు టి.పి.ఎమ్. 2.0 కావలెను, 2013 నాటి యంత్రాలు ఆ పరీక్షలో నెగ్గవు. వాటిని పారవేయనక్కరలేదు. రుసుము లేని లినక్స్‌ను ఎక్కించుకొని వ్రాతకోతలకు ఇంకా కొన్నేండ్లు వాడుకోవచ్చును. అదే లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుండి నడిపి, విండోస్ లేవని యంత్రములోని ఫైళ్లను బయటికి తీయవచ్చును కూడ. కొత్త ల్యాప్‌టాప్‌ల వారికి ఒక హెచ్చరిక: బిట్‌లాకర్ ఉన్న యంత్రములో భాగాలు మార్చినా, బయోస్ అమరికలు తాకినా 48 అంకెల తాళము అడుగవచ్చును, దానిని ముందే వ్రాసి పెట్టుకొనుడు. కేంద్ర ప్రభుత్వము 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచినది, మంచిదే. కాని స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి భయపడే చేతికి ఆ హక్కు ఎంతవరకు అక్కరకు వస్తుంది?

కనుక మా కోరిక ఒకటే. మన కళాశాలలో కంప్యూటరు పాఠము చెబుతున్నారు. మూత విప్పడము చెప్పడము లేదు. శనివారము రెండు గంటలు, ఒక బల్ల, రెండు స్క్రూడ్రైవర్లు, పనిచేసే ర్యామ్ ఒకటి, నాలుగు సెల్లులు, ఒక లినక్స్ పెన్‌డ్రైవ్. గోడ మీద తెలుగులో ఒక కాగితము, ఉర్దూలో ఒక కాగితము: ముందు నకలు తీయుము, ప్లగ్గు పీకుము, పెట్టె ఇనుమును తాకుము, ఒకసారికి ఒకటే మార్చుము, తేదీ చూడుము. నీలితెర మీది ఇంగ్లీషు ముక్కలకు మన రెండు భాషలలో అర్థము వ్రాసిపెడితే, వాటిని మరణశాసనముగా చదివి హడలిపోయే పిల్లలు తగ్గుతారు. బల్ల మేము తెస్తాము. గ్రంథాలయము పక్క గది రెండేండ్లుగా మూసియే ఉన్నది. తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నదో ప్రిన్సిపాలుగారు విచారించి చెప్పవలెనని మనవి.