హై సెక్యూరిటీ తాళంచెవి పోయినప్పుడు పాటించవలసిన పద్ధతిపై తీర్మానం

సభ: అపార్ట్‌మెంట్ ఫ్లాటు యజమానుల సంఘం ప్రత్యేక సర్వసభ్య సమావేశం, హైదరాబాద్
అధ్యక్షత: సంఘం అధ్యక్షులు

మన భవనంలో కింది మెట్ల తలుపుకూ, వారి వారి ఫ్లాటు తలుపుకూ ఒకే తాళంచెవి పనిచేసే మాస్టర్ కీ ఏర్పాటు ఉన్నందున, ఒక్క తాళంచెవి పోయినా దాని ముప్పు ఒక్క గడపతో ఆగదని గుర్తించి,

ఈ తాళంచెవికి వీధి దుకాణంలో నకలు చేయించడం కుదరదనీ, కోడు కార్డు చూపితేనే తయారీ సంస్థ కొత్తది ఇస్తుందనీ, అయితే కొత్తది వచ్చినంత మాత్రాన పోయినది పనిచేయడం మానదనీ గమనించి,

1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మెట్లు, ప్రవేశ ద్వారాలు అందరి ఉమ్మడి ఆస్తి అయినందున వాటి భద్రత సంఘం బాధ్యతేనని భావించి,

పోగొట్టుకున్నవారే ఖర్చంతా భరించాలన్న పాత నిబంధన ఉన్నంతకాలం, ముఖ్యంగా అద్దెకున్నవారు, బిల్లుకు భయపడి విషయం దాచే అవకాశం ఉందనీ, పోయిన తాళంచెవి కంటే పోయిందని చెప్పని తాళంచెవే భవనానికి ఎక్కువ ప్రమాదమనీ అభిప్రాయపడి,

ఈ కింది విధంగా తీర్మానించడమైనది:

1. తాళంచెవి పోయినట్లు తెలిసిన 24 గంటల్లో కార్యదర్శికి తెలియజేయాలి. ఎక్కడ పోయింది, దానితోపాటు ఫ్లాటు నంబరు గానీ చిరునామా గానీ ఉన్న వస్తువు ఏదైనా పోయిందా అన్నది రిజిస్టరులో రాయాలి.

2. చిరునామాతో కలిసి పోయినా, దొంగతనం జరిగినా, కార్డు కూడా పోయినా నకలుతో సరిపెట్టరాదు. ఆ ఫ్లాటు సిలిండరు, మెట్ల తలుపు సిలిండరు రెండూ మార్చాలి. దొంగతనమైతే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. తాళంచెవి మనుషులు చేరలేని చోట, బావిలోనో చెరువులోనో, పడిందని ఖాయంగా తెలిస్తే నకలు చాలు.

3. తలుపు అంచున ఉన్న స్క్రూ విప్పితే సిలిండరు ఒక్కటే బయటికి వస్తుంది కాబట్టి తలుపు కోయడం, తాళం పెట్టె మొత్తం మార్చడం అనవసరం. మాస్టర్ కీ వరుసకు సరిపోయే సిలిండరు తయారై వచ్చేవరకు మామూలు సిలిండరు బిగించాలి. కొలత సరిచూసి, అది తలుపు రేకు దాటి బయటికి పొడుచుకు రాకుండా చూడాలి.

4. గడువులోగా తెలిపితే మెట్ల తలుపు సిలిండరుకూ అందరి కొత్త తాళంచెవులకూ అయ్యే ఖర్చులో సగం సంఘం నిధి నుంచి, సగం ఆ ఫ్లాటు నుంచి. దాచినట్లు తేలితే మొత్తం ఆ ఫ్లాటుదే. సొంత తలుపు ఖర్చు ఎప్పుడూ ఆ ఫ్లాటుదే. అద్దెకున్నవారి డిపాజిట్ నుంచి యజమాని బిల్లు చూపినంత మేరకే మినహాయించాలి.

5. తాళంచెవి కనిపించలేదన్న కారణంతో పనిమనిషిని, వాచ్‌మన్‌ను, డ్రైవరును సోదా చేయడం, జీతం ఆపడం, లోపలికి రానివ్వకపోవడం నిషేధం. అనుమానముంటే పోలీసులకు చెప్పవలసిందే. ఇంట్లో పనిచేసేవారికి తాళంచెవి ఇచ్చేది ఆ ఇంటివారే కనుక, దాని లెక్కా వారిదే.

6. కోడు కార్డు తాళంచెవితో కలిపి ఉంచరాదు. మెట్ల తలుపు కార్డు సీలు వేసిన కవరులో కోశాధికారి వద్ద ఉండాలి. నకలు కోరే ఉత్తరంపై అధ్యక్ష, కార్యదర్శులిద్దరూ సంతకం చేయాలి.

7. దొరికిన తాళంచెవి ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టి “ఇది ఎవరిది?” అని అడగరాదు. ఫొటో ఆధారంగా తాళంచెవి గాట్లను లెక్కగట్టి నకలు చేయవచ్చని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు 2008లోనే చూపారు. దొరికినది వాచ్‌మన్‌కు అప్పగిస్తే, అతను రిజిస్టరులో రాసుకుంటాడు.

8. అన్ని తలుపులనూ తెరిచే మాస్టర్ తాళంచెవే పోతే కార్యవర్గం ఆ రోజే సమావేశమై భవనంలోని సిలిండర్లన్నీ మార్చాలి. దాని ఖర్చు పూర్తిగా సంఘానిది.

పాత నిబంధన నేటి నుంచి రద్దయింది. ఈ తీర్మానం ప్రతిని నోటీసు బోర్డుపై ఉంచి, 5వ అంశాన్ని భవనంలో పనిచేసేవారందరికీ చదివి వినిపించే బాధ్యత కార్యదర్శికి అప్పగించడమైనది.

ప్రతిపాదించినవారు: కార్యదర్శి
బలపరచినవారు: కోశాధికారి
ఫలితం: ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.