స్వరదానం

దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశానికి అసున్సియోన్ రాజధాని. ఆ నగరం విసర్జించిన చెత్త చేరే చోటు, నదీతీరంలోని కతేవురా. అమ్ముడుపోయే ప్లాస్టిక్కు, అట్టముక్కలు, లోహపు తునకలు ఏరుకొని బ్రతికే కుటుంబాలకు ఆ చెత్తగుట్టే జీవనాధారం. 2006లో చెత్త పునర్వినియోగ పథకంలో పనిచేయడానికి ఫావియో చావేస్ అనే పర్యావరణ సాంకేతిక నిపుణుడు అక్కడికి వచ్చాడు. ఆయన సంగీతజ్ఞుడు కూడా. తల్లిదండ్రులు చెత్త ఏరుతుండగా ఆ పరిసరాల్లోనే తిరుగాడే పిల్లలను చూసి, వారికి వాద్యసంగీతం నేర్పడానికి పూనుకున్నాడు.

నేర్చుకొనవచ్చిన పిల్లలెందరో, ఉన్న వాద్యాలు కొన్నే. వడ్రంగం తెలిసిన నికొలాస్ గోమెస్ అనే చెత్త ఏరే కార్మికుడు ఆ కొరత తీర్చాడు. నూనె డబ్బాతో వయొలిన్, ఇనుప పీపాతో చెల్లో అనే మంద్రస్వర తంత్రీవాద్యం రూపొందాయి. తంత్రులను పట్టి ఉంచడానికి భోజనానికి వాడే ఫోర్కు అమరింది. నీటి గొట్టం, సీసామూతలు, నాణేలు కలిసి శాక్సఫోన్ అయ్యాయి.

ఈ వింతను లోకం వేనోళ్ళ పొగిడింది. ఆ పొగడ్తలో ఒక ముఖ్యవిషయం మరుగునపడింది. కతేవురాలో మంచి వయొలిన్ ఖరీదు ఒక ఇంటి ఖరీదు కన్న ఎక్కువ. అటువంటిదాన్ని పిల్లవాని చేతికిచ్చి ఇంటికి పంపితే అది దొంగలపాలు కావచ్చు, లేదా ఆకలి దాన్ని అమ్మించవచ్చు. డబ్బా వయొలిన్‌ను ఎవరూ కొనరు, దొంగిలించరు. అందువల్లనే అది పిల్లవాని చెంతనే ఉంటుంది, సాధన సాగుతుంది. ఈ సూక్ష్మం ఆ ప్రజల నడుమ చిరకాలం నిలిచినవారికే గోచరిస్తుంది.

విదేశాల్లోని పేదపిల్లలకు సంగీతం నేర్పాలని సెలవుల్లో బయలుదేరే యువతీయువకులు నేడు ఎందరో ఉన్నారు. వారి ఔదార్యాన్ని శంకించనక్కరలేదు. కాని సంగీతం మూడు వారాల్లో పట్టుబడే విద్య కాదు. సరళీస్వరాలకే నెలలు పడతాయని కచేరీ ముఖం చూడనివారికి కూడా తెలుసు. అతిథిగురువు వెళ్ళిపోయిన నాడు తెగిన తంత్రిని మార్చేవారుండరు, అపస్వరాన్ని దిద్దేవారుండరు. వాద్యం మూలకు చేరుతుంది. ఆశ పుట్టించి నడుమ విడిచిపోవడం చిన్న అపరాధం కాదు. అలా విడిచిపోయిన పెద్దలను ఆ పిల్లలు అప్పటికే చూసి ఉంటారు.

కొద్దికాలమే ఉండగలవారు వెళ్ళనే కూడదా? వెళ్ళవచ్చు. అయితే వారు కూర్చోవలసింది స్థానిక గురువు పక్కన. కమాను పట్టే తీరును ఆయనకు చక్కగా చూపితే, వారు తిరిగి వెళ్ళిన తరువాత కూడా ఆ పాఠం అక్కడే ఉంటుంది. కతేవురాలో ముందు నేర్చుకున్న పిల్లలే తరువాతివారికి పాఠం చెప్పారు. 2014లో ఆ బృందం ప్రసిద్ధ రాక్ సంగీత బృందం మెటాలికా కచేరీలకు ముందు దక్షిణ అమెరికా వేదికలపై వాయించింది. అంతటి కీర్తి వచ్చిన తరువాత కూడా చావేస్ ఆ పిల్లలను విడిచిపోలేదు.