బరాతు బూర – దేవాలయపు బూర



మన నల్లగొండ, పాలమూరు పల్లెలలో పెండ్లి అనగానే బ్యాండు మేళము జ్ఞాపకమునకు వచ్చును. ఆ మేళములలో కొన్నింట ఒక వాద్యగాడు పొడవైన ఇత్తడి గొట్టమును ముందుకు వెనుకకు జరుపుచు వాయించును. పిల్లలందరు వాని చుట్టే మూగుదురు. ఆ వాద్యము పేరు ట్రాంబోను. మన సంఘముల యువకులలో కొందరు బ్యాండు పనితోనే ఇల్లు గడుపుకొనుచున్నారు. డీజే పెట్టెలు వచ్చిన తరువాత వారికి పిలుపులు తగ్గినవి. అట్టివారు ఈస్టరు నాడు గుడిలో వాయింతుమని అడిగినయెడల, "అది బరాతులో త్రాగి ఎగురువారి ముందు మ్రోగే బూర, ఇక్కడ వద్దు" అను పెద్దలు కలరు. ఈ నెల ఆ మాటను గూర్చియే ఆలోచింతము.

ముందుగా ఆ వాద్యమును తెలిసికొందము. హార్మోనియములో మెట్టు నొక్కిన స్వరము పలుకును. ట్రాంబోనులో నొక్కుటకు మెట్లు లేవు. జారు గొట్టమునకు ఏడు స్థానములున్నవి గాని వాటిని చూపు గీతలు ఉండవు. చెవి వినవలెను, చేయి ఆగవలెను. కొంచెము తప్పినను అపస్వరమే. వంపులన్నియు తీసి కొలిచినయెడల ఆ గొట్టము సుమారు 9 అడుగులుండును. అంత గొట్టమును ఊపిరితో నింపుట తేలిక పని కాదు.

ఇది దేవాలయమునకు క్రొత్త వాద్యమును కాదు. 16, 17 శతాబ్దములలోనే ఐరోపా దేవాలయములలో గాయకుల స్వరములకు తోడుగా దీనిని వాయించిరి. అమెరికాలోని బెత్లెహేము పట్టణమున మొరేవియన్ విశ్వాసులు 1754 నుండి దీనిని ఆరాధనలో వాడిరి. ఈస్టరు తెల్లవారుజామునను, సంఘములో ఒకరు నిద్రించిన సంగతి ఊరికి తెలుపుటకును ట్రాంబోనులే మ్రోగెడివి. లూథరు జర్మను బైబిలులో కడబూరకు వాడిన మాటయే నేటి జర్మను భాషలో ట్రాంబోనునకు పేరు. 1890 ప్రాంతమున నల్లగొండలో సువార్త పని ప్రారంభించిన అబ్రాహాము ఫ్రీజెన్ దొరగారు రష్యా నుండి వచ్చిన జర్మను భాషీయులు. వారి జనులు చదివిన బైబిలులో ఆ మాటయే యున్నది.

ఇక పాల్ హిండెమిత్ అను జర్మను సంగీతకర్త సంగతి చూడుడి. 1936లో నాజీ ప్రభుత్వము ఆయన సంగీతమును ప్రదర్శింపరాదని నిషేధించెను. ఆయన 1938లో స్విట్జర్లాండునకు, 1940లో అమెరికాకు వెళ్లెను. 1941లో ట్రాంబోను, పియానోల కొరకు ఒక సొనాట వ్రాసెను. సొనాటలో మాటలుండవు, వాద్యములే పలుకును. ఇందులో పియానో ట్రాంబోనునకు దాసి కాదు. ఒకటి పలుకునప్పుడు రెండవది వినును, అవసరమైనచోట ఎదురు నిలుచును. ఇది నాలుగు భాగముల రచన. మొదటిది గంభీరమైనది. మూడవ దానికి ఆయన పెట్టిన పేరునకు "జగడాలమారి పాట" అని అర్థము. అందులో ట్రాంబోను నిజముగానే వీధి రౌడీవలె కేకలు వేయును. అటుతరువాత నాలుగవ భాగములో మొదటి గాంభీర్యము తిరిగి వచ్చును. గొట్టము అదే, ఊపిరి అదే. ఎరిక్ ఎవేజెన్ అను అమెరికా సంగీతకర్తయు 1993లో ఈ రెండు వాద్యములకే మూడు భాగముల సొనాట వ్రాసెను.

కాబట్టి పెద్దలారా, జగడపు పాటయు గంభీర గీతమును ఒకే గొట్టములో నుండి వచ్చుచుండగా, దోషము ఇత్తడిలో ఉన్నదని చెప్పగలమా? రాత్రంతయు బరాతులో నడిచి, ఆదివారము ఉదయము ఎర్రబడిన కన్నులతో గుడికి వచ్చిన యువకుని గద్దింపకుడి. అతడు తల్లిదండ్రుల కొరకు రాత్రి కష్టపడెను. వారము మధ్యలో ఒక సాయంకాలము కీబోర్డు వాయించువారితో అతనిని కూర్చుండబెట్టి, ఒక కీర్తనను నెమ్మదిగా వాయించనిచ్చి, మీరు వినుడి. విన్న తరువాతనే తీర్పు చెప్పుడి.

తమ్ముళ్లారా, మీకును ఒక మాట. వీధిలో మోత చాలును, గుడిలో చాలదు. ప్రతిదినము ఒక్కొక్క స్వరమును నిలిపి, మెల్లగా ఊది సాధన చేయుడి. తోటివాని వాద్యము వినబడనంత గట్టిగా ఊదకుడి. సంఘము పాడుచుండగా మీ బూర వారి గొంతులను ఎత్తి పట్టవలెను గాని, కప్పివేయకూడదు.