స్టీరింగ్ అప్పగింతలు

2018 మార్చి 18 రాత్రి. అమెరికాలోని టెంపీలో ఊబర్ సంస్థ తనంతట తాను నడిచే కారును పరీక్షిస్తోంది. స్టీరింగ్ ముందు డ్రైవరు ఉంది; ఆమె పనల్లా రోడ్డును కనిపెట్టుకుని ఉండటమే. సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను సెన్సర్లు 5.6 సెకన్ల ముందే పసిగట్టాయి. వచ్చేది బండో సైకిలో ఇంకేమిటో మాత్రం కంప్యూటర్ తేల్చుకోలేకపోయింది. గుద్దక తప్పదని తెలిసేసరికి మిగిలింది 1.2 సెకన్లు. దాదాపు అప్పటిదాకా డ్రైవరు చూపు సెల్‌ఫోను మీదే. పాదచారి చనిపోయింది. ప్రాసిక్యూటర్లు కంపెనీని వదిలేశారు, డ్రైవరు 2023లో నేరం ఒప్పుకుంది.

ఏ పనీ లేకుండా గంటల తరబడి అప్రమత్తంగా కూర్చోవడం మనిషి వల్ల అయ్యేది కాదు. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లోనే హెచ్చరించారు: యంత్రం సులువైన పనులన్నీ తాను చేసేసి, చేతకానివి అలవాటు తప్పిన మనిషి నెత్తిన పెడుతుందని. గూగుల్‌కు అది 2013లో తెలిసొచ్చింది. పరీక్ష కార్లలో ఉద్యోగులు కునుకు తీయడం కెమెరాల్లో కనబడింది. దాంతో దారి మధ్యలో స్టీరింగ్ చేతికిచ్చే ఆలోచనకే స్వస్తి చెప్పింది.

మెర్సిడెస్ మాత్రం ఆ దారే పట్టింది. జర్మనీలో 2022లో అమ్మకానికొచ్చిన డ్రైవ్ పైలట్ గంటకు 60 కిలోమీటర్ల లోపు వేగంలో హైవే ట్రాఫిక్‌ను తానే చూసుకునేది; డ్రైవరు సినిమా చూసుకునే వీలుండేది. స్టీరింగ్ పట్టుకోమన్నాక గడువు 10 సెకన్లు. ఉలుకూ పలుకూ లేకపోతే కారు తానే ఆగేది. తర్వాత వేగాన్ని 95కు పెంచారు. ఆ వేగంలో 10 సెకన్లంటే 260 మీటర్ల పైమాటే.

సరిపోతుందా? సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సిమ్యులేటర్‌లో 26 మందిని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. తొందరేమీ లేనప్పుడు ఒకరు 2 సెకన్లలోపే కారును చేతిలోకి తీసుకున్నారు, ఇంకొకరికి 25 దాటింది. సగటు చూసి గడువు పెడితే ఆ ఇంకొకరి గతేమిటి? పైగా ఇది కారు చేతికొచ్చే వరకే. వెనక లారీ ఎంత దూరంలో ఉందో, పక్క లేన్ ఖాళీయో కాదో తలకెక్కడానికి మరికాస్త వ్యవధి కావాలి.

2024 నాటి బ్రిటన్ చట్టం కారు తానే నడుపుతున్నంతసేపు జరిగే డ్రైవింగ్ తప్పులకు లోపలున్న మనిషిని బాధ్యుణ్ణి చేయదు. మంచిదే. చిక్కంతా గడువు తీరాకే. అప్పుడు బాధ్యత మనిషి మీదికి వస్తుంది, మెదడు ఇంకా సినిమాలోనే ఉన్నా సరే. గడియారం చూసి కాక మనిషిని చూసి అప్పగించాలి. కళ్లు ఎటున్నాయో గమనించే కెమెరాలు కార్లలో ఎప్పుడో వచ్చాయి. చూపు రోడ్డు మీదికీ అద్దాల మీదికీ వచ్చాకే బాధ్యత బదిలీ చేయొచ్చు. హైవే దిగే చోటు మ్యాపులో ముందే ఉంటుంది గనక ఆ కబురు చివరి 10 సెకన్లలో చెప్పనక్కర్లేదు, ఒక నిమిషం ముందే చెప్పొచ్చు. అప్పటికీ డ్రైవరు అందుకోకపోతే, ఉన్న లేన్‌లోనే నిలిచిపోకుండా రోడ్డు పక్కకు తీసి ఆపడం తెలిసిన కారుకే అనుమతివ్వాలి.