ఫిజీలోనూ అగ్నిగుండం!

సముద్రమంటే మనకు చెన్నై మెరీనాయే కదూ! వీలైతే ఒక్కసారి ఫిజీ దీవులు చూసిరండి. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఓడెక్కి, చెరకు తోటల్లో అయిదేళ్ళ కూలికి ఒప్పుకుని సుమారు 15 వేల మంది అక్కడికి వెళ్ళారు. వారిలో ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్ళు ఎందరో. 1911 వరకు ఆ జిల్లాకు ముఖ్యపట్టణం మన చిత్తూరే!

ధర్మరాజుల గుడి తిరునాళ్ళలో మనవాళ్ళు అగ్నిగుండం తొక్కుతారే, సువా నగరంలో మారియమ్మ గుడి దగ్గరా అలాగే తొక్కుతారు. బెంగా దీవిలోని ఫిజీ తెగవాళ్ళయితే కాల్చిన రాళ్ళమీద నడుస్తారు. ఆ దీవి చుట్టూ ఉన్న పగడాల కోసమే డైవింగ్ చేసేవాళ్ళు వస్తారు. ఈత రానివాళ్ళం ఒడ్డున కూర్చుందాం లెండి.

పల్లెకు మాత్రం చేతులూపుకుంటూ వెళ్ళకండి. మనం తాంబూలం ఇచ్చినట్టు ఊరిపెద్దకు యాంగోనా వేళ్ళ కట్ట ఇవ్వాలి. భుజాలు, మోకాళ్ళు కనబడకూడదు, టోపీ పెట్టకూడదు. ఆ వేళ్ళ పొడి కలిపిన నీళ్ళు కొబ్బరిచిప్పలో ఇస్తారు. ఒకసారి చప్పట్లు కొట్టి, గుటుక్కున తాగేయాలి. మట్టివాసన, నాలుక కాస్త మొద్దుబారుతుంది, అంతే.

అప్పుడు వెళ్ళినవాళ్ళ మునిమనవలు ఇప్పుడు మాట్లాడేది హిందీ. చాలా ఇళ్ళల్లో తెలుగు పోయింది. గుడి దగ్గర కనిపిస్తే మీరే ముందు పలకరించి, మీ తాతలది ఏ వూరని అడగండి.