కేకు మీద తఖ్తీ



పోయిన నెల మా చిన్నదాని బిస్మిల్లా ఖానీ జరిగింది. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిడ్డ చేత మొదటిసారి "ఇఖ్రా" చదివించే ఈ రసమ్ సున్నత్ కాదు, మన హిందుస్తానీ ముసల్మానుల రివాజ్. ముందే ఒప్పుకుంటున్నా, ఆ బహస్ ఇంకోసారి. ఈసారి సంగతి కేకుది.

కేకు ఇంట్లోనే చేశాను. పైన ఫాండెంట్ వేయడం మాత్రం ఇదే మొదలు. చక్కెర పొడి, గ్లూకోజ్ సిరప్, గ్లిసరిన్, కొంచెం కొవ్వు కలిపి పిసికిన ముద్ద అది. చపాతీలా ఒత్తి కేకు మీద దుప్పటిలా కప్పాలి. ముద్ద సాగడానికి చాలామంది అందులో జెలటిన్ వేస్తారు. అది పంది చర్మం నుంచి రావచ్చు, పశువు ఎముకల నుంచి రావచ్చు. పశువుదే అయినా జబీహా అయిందో లేదో ఎవరికి ఎరుక? ఎర్ర రంగుకు వాడే కార్మైన్, అంటే 120 నంబరుది, పురుగుల నుంచి తీస్తారు. నంద్యాలలో షాపాయనను అడిగితే "అందరూ కొంటున్నారమ్మా" అన్నాడు. అదేం జవాబు? డబ్బా తిప్పి పచ్చ చుక్క చూసుకున్నా. పాలు, తేనె లాంటివి తప్ప జంతువు నుంచి వచ్చిందేదీ లేకుంటేనే ఆ చుక్క వేయాలని మన దేశ కానూన్. శాకాహారుల కోసం పెట్టిన గుర్తు, బిర్యానీ లేనిదే దావత్ కాదనే మనకు ఇంత పనికొస్తోంది! అయితే ఆల్కహాల్ సంగతి ఆ చుక్క చెప్పదు. వెనిలా ఎసెన్స్ సీసా మీది అక్షరాలు వేరుగా చదవాల్సిందే. మార్ష్‌మెల్లో కరిగించి ఇంట్లోనే ఫాండెంట్ చేసే వీడియోలు చూసేవాళ్లూ జర జాగ్రత్త, మార్ష్‌మెల్లోలో ఎక్కువగా ఉండేది జెలటినే.

మొదటి ముద్ద బేలన్‌కు అతుక్కుపోయింది. మా ఎండకు చేతిలోనే జిగురైంది. రెండోసారి చేతులకు డాల్డా రాసుకుని, పలక మీద కార్న్‌ఫ్లోర్ చల్లి, ఫ్యాన్ కింద ఒత్తాను. అంచుల్లో ముడతలు పడ్డాయి, ఫర్వాలేదు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే మాత్రం చెమట పట్టినట్టు తడిసి మళ్లీ జిగురౌతుంది.

అసలు పేచీ అప్పుడొచ్చింది. "పైన బిస్మిల్లా అని రాయి, బర్కత్" అంది ఖాలా. నేను రాయనన్నా. అల్లాహ్ నామ్ మీద ఛురీ పెట్టి కోయడానికి నా దిల్ ఒప్పలేదు. ఖాలా ఊరుకుంటుందా? "బీమారీ వస్తే రకాబీ మీద జాఫ్రాన్‌తో ఆయత్ రాసి కడిగి తాగరా? ఇదీ కడుపులోకే కదా పోయేది, నీయత్ చూడు" అంది. దలీల్ గట్టిదే, కాదనను. కానీ ఆ నీళ్లు చుక్క కింద పడకుండా అదబ్‌తో తాగుతాం. ఫాండెంట్‌ను మన పిల్లలు ఏం చేస్తారో చూశారా? రెండు ముక్కలు కొరికి, తియ్యదనం ఎక్కువై, తోలులా పీకి ప్లేటులో వదిలేస్తారు. ఆ ప్లేటు పోయేది చెత్తబుట్టకే. బిస్మిల్లా, మాషా అల్లాహ్, ఈద్‌కు నెలవంక పక్కన అల్లాహ్ పేరు: కేకుల మీద ఇవి రాయించేవాళ్ల నీయత్‌ను నేను శంకించను. దావత్ అయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తేవాళ్లను ఒకసారి అడగమంటాను, అంతే.

కాబట్టి తఖ్తీ చేశా. కొంచెం ఫాండెంట్‌లో గట్టిపడే టైలోజ్ పొడి కలిపి, మందంగా ఒత్తి, పలక ఆకారంలో కోసి రెండు రోజులు ఆరబెట్టా. పక్కన చిన్న ఖలం. తఖ్తీ మీద మా చిన్నది తినే రంగు పెన్నుతో తానే ఒక అలిఫ్ గీసింది, వంకరగా. కోసే ముందు తఖ్తీని ఎత్తి పక్కన పెట్టేశాం. మిగిలిన తెల్లటి కేకును ఖాలాయే కోసింది, ఫాండెంట్ పీకేసి తిన్నవాళ్లలో మొదటిది కూడా ఆమే.

తఖ్తీ ఇప్పుడు అల్మారాలో గాజు సీసాలో ఉంది. చీమలు రెండుసార్లు దారి కనిపెట్టాయి. రోజూ పొద్దున్నే మూత బిగించి ఉందా లేదా అని చూసుకునేది మా చిన్నదే.